కాలుష్యం దారిలో ఎవరున్నారో చెప్పే పటం

2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యో పట్టణం దగ్గర ఇనుప ఖనిజపు గని వ్యర్థాలను నిల్వచేసిన ఆనకట్ట కూలిపోయి 270 మంది ప్రాణాలు కోల్పోయారు. అది మధ్యాహ్న భోజన సమయం. 86 మీటర్ల ఎత్తున్న ఆ కట్టకు దిగువనే గని కార్యాలయాలూ, కార్మికుల భోజనశాలా ఉన్నాయి. బురద మొదట ముంచెత్తింది వాటినే. హెచ్చరిక సైరన్ మోగలేదు. కట్ట ఎందుకు కూలిందన్న దానిపై ఎన్నో సాంకేతిక నివేదికలు వచ్చాయి, రావలసినవే. నన్ను మాత్రం వదలకుండా వెంటాడేది మరో ప్రశ్న. కట్ట, దాని కింద భోజనశాల, రెండూ ఎవరైనా తెరిచి చూడగల ఉపగ్రహ చిత్రంలో స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. కట్ట తెగితే బురద ఎక్కడిదాకా వస్తుందో లెక్కగట్టిన అత్యవసర ప్రణాళిక ఉంది, ఆ ముంపు పరిధిలోనే ఈ భవనాలూ ఉన్నాయి. ఇంత తెలిసీ రోజూ వందలమంది అక్కడే ఎందుకు భోజనానికి కూర్చున్నారు?

పారిశ్రామిక కాలుష్యపు ముప్పును ఉపగ్రహ చిత్రాలతో, డిజిటల్ పటాలతో అదుపులో పెట్టడం గురించి ఆలోచించినప్పుడల్లా నేను ఈ ప్రశ్న నుంచే మొదలుపెడతాను. ముప్పు అనేది మూడు సంగతులు కలిస్తే ఏర్పడుతుంది. హాని చేయగల పదార్థం ఒకచోట ఉండాలి. అది బయటపడితే సాగిపోవడానికి గాలో, నీరో, నేలవాలో దారి చూపాలి. ఆ దారిలో మనుషులో, పంటలో, తాగునీటి బావులో ఉండాలి. ఉపగ్రహాల గురించి వచ్చే కథనాలు చాలావరకు మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి. 2020 మే నెలాఖరులో రష్యాలోని నోరిల్స్క్ దగ్గర ఇంధన ట్యాంకు కూలి 20 వేల టన్నులకు పైగా డీజిల్ ఒలికినప్పుడు, ఎర్రగా మారిన అంబార్నయా నది చిత్రం కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతా చుట్టివచ్చింది. అలాంటి చిత్రం కంటికి వెంటనే పట్టుకుంటుంది. కానీ అది జరిగిపోయినదాని చిత్రం. జరగబోయేదాన్ని ఆపాలంటే పటం మీద అన్నిటికన్నా ముఖ్యమైన పొర మనుషులది: దారిలో ఉన్నవారెవరు, చర్య తీసుకోవలసిన వారెవరు అన్నది. అన్నిటికన్నా తక్కువ శ్రద్ధతో తయారయ్యే పొర కూడా అదేనన్నది నా అభిప్రాయం.

ముందుగా మన చేతిలో ఏమున్నాయో చూద్దాం. భూమిని చిత్రించే ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల్లో మొదటిదాన్ని అమెరికా 1972లో పంపింది. అంతకన్నా పెద్ద మలుపు 2008లో వచ్చింది, ఆ చిత్రాల భాండాగారాన్నంతటినీ ఉచితం చేసినప్పుడు. అంతకు ముందు ఒక్కో చిత్రానికీ డబ్బు కట్టవలసి వచ్చేది కాబట్టి, పరిశోధకులు రెండు మూడు తేదీలు ఎంచుకుని పోల్చి సరిపెట్టుకునేవారు. ఆ తరువాత ఒకే స్థలాన్ని ఏళ్ల తరబడి వరుసగా చూడటం మామూలు పని అయింది. యూరప్ వారి కోపర్నికస్ కార్యక్రమంలో 2015 నుంచి పంపుతూ వచ్చిన సెంటినెల్-2 ఉపగ్రహాలు జంటగా భూమధ్యరేఖ దగ్గర సైతం అయిదు రోజులకోసారి ఒకే చోటిని చూస్తాయి. అవి కాంతిని 13 బ్యాండ్లుగా, అంటే తరంగాల వారీగా విడదీసి నమోదు చేస్తాయి; వాటిలో కొన్ని 10 మీటర్ల స్పష్టతతో ఉంటాయి. అంటే ఒక్కో పిక్సెల్ నేల మీద 100 చదరపు మీటర్లను సూచిస్తుంది. ల్యాండ్‌శాట్ 8, 9 కలిసి ఎనిమిది రోజులకోసారి వస్తాయి, పైగా వాటికి ఉపరితలపు వేడిని కొలిచే బ్యాండ్లున్నాయి కాబట్టి విద్యుత్ కేంద్రం వదిలిన వేడినీరు నదిలోనో సముద్రంలోనో ఎంతదూరం వ్యాపించిందో వాటిలో కనిపిస్తుంది. మేఘాలతో, రాత్రితో నిమిత్తం లేకుండా చూసే రాడార్ ఉపగ్రహాలు వేరే ఉన్నాయి. వాయువులను మాత్రమే కొలిచేవి వేరే. ఇవన్నీ ఒకే పని చేయవు. ఏ ప్రశ్నకు ఏ కన్ను సరిపోతుందో ఎంచుకోవడంలోనే సగం పని ఉంది.

ఒక వ్యర్థాల చెరువును చిత్రంలో ఎలా చదువుతారో కాస్త దగ్గరగా వివరిస్తాను, ఎందుకంటే ఈ పనిలోని ఓర్పూ, దాని హద్దులూ రెండూ అక్కడే తెలుస్తాయి. ఖనిజం నుంచి లోహాన్ని తీసేశాక మిగిలిన మెత్తటి వ్యర్థాన్ని నీటితో కలిపి గొట్టాల ద్వారా చెరువులోకి పంపుతారు. చాలాచోట్ల దాన్ని కట్ట అంచు మీదుగా వదులుతారు; బరువైన ఇసుక రేణువులు కట్ట దగ్గరే మేటవేస్తాయి, సన్నటి ఒండ్రూ నీరూ లోపలికి, కట్టకు దూరంగా జరుగుతాయి. కట్టకూ నీటికీ మధ్యనున్న ఆ ఇసుక మేట ఎంత వెడల్పుగా ఉంటే కట్టకు అంత క్షేమం. నీరు కట్టను ఆనుకుని నిలిచిందంటే లోపల తడి మట్టం పెరిగి, రేణువుల మధ్య నీటి పీడనం హెచ్చి, కట్ట బలం తగ్గుతుంది. కట్టను బయటివైపుకు కాక లోపలి మేట మీదనే అంచెలంచెలుగా ఎత్తు పెంచుకుంటూ పోయే పద్ధతిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. బ్రుమాడిన్యో కట్ట అలాంటిదే, ఆ తరువాత బ్రెజిల్ ఆ పద్ధతినే నిషేధించింది.

సమీప పరారుణ కాంతిని నీరు దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది, పొడి ఇసుక వెనక్కి పంపుతుంది. అందుకే ఆ బ్యాండ్‌లో చూస్తే నీరు నల్లగా, మేట తెల్లగా, రెంటికీ మధ్య హద్దు చక్కగా విడివడి కనిపిస్తుంది. కట్ట శిఖరం నుంచి ఆ హద్దుదాకా ఉన్న దూరాన్ని మేఘాలు లేని ప్రతి చిత్రంలోనూ ఒకే అయిదారు చోట్ల కొలిచి, తేదీ పక్కన రాసుకుంటూ పోతే కొన్ని నెలలకు ఆ చెరువు నడవడి తెలుస్తుంది. వానాకాలంలో మేట కుంచించుకుని, ఎండలకు మళ్లీ వెడల్పవడం సహజం. ఎండలు ముదిరినా వెడల్పు కాకపోతే, ఏటికేడు నీరు కట్టవైపు జరుగుతూ ఉంటే, అది అడగవలసిన ప్రశ్న. ఒక పిక్సెల్ తేడాను పట్టుకుని ఆందోళన పడకూడదు, అది కొలతలో దొర్లే తేడా కావచ్చు. వంద మీటర్ల మేట యాభైకి తగ్గితే మాత్రం ఊరుకోకూడదు.

ఆ తరువాత చూడవలసింది కట్ట బయటి పాదం. చుట్టుపక్కల గడ్డి ఎండిపోయిన నెలల్లో కట్ట పాదం వెంబడి ఒక్కచోట మాత్రం పచ్చదనం నిలిచి ఉంటే అక్కడ ఊట ఉందేమోనని అనుమానించాలి. ఆ ఊటలో ఆమ్లమో, ఉప్పో ఎక్కువైతే దృశ్యం తారుమారవుతుంది: చుట్టూ పచ్చగా ఉండి అక్కడ మాత్రం మొక్క మొలవదు. ఎరుపు, సమీప పరారుణ బ్యాండ్లతో లెక్కగట్టే వృక్ష సూచిక ఈ రెండింటినీ పట్టిస్తుంది. అయినా అది నిర్ధారణ కాదు. అక్కడ సహజమైన ఊటే ఉండవచ్చు, ఎవరో చెట్లు నాటి నీరు పోస్తూ ఉండవచ్చు. కిలోమీటర్ల పొడవున్న కట్ట మీద నమూనా సీసా పట్టుకుని నడిచే తనిఖీ అధికారి ఎక్కడ ఆగాలో, ఎక్కడి నీటిని ముందు పరీక్షకు పంపాలో చిత్రం చెప్పగలదు. ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందో లేదో చెప్పలేదు.

కట్ట కదలికను కొలిచే మరో మార్గం రాడార్. ఉపగ్రహం ఒకే చోటి మీదుగా రెండుసార్లు వెళ్లినప్పుడు తిరిగొచ్చిన అలల దశలో వచ్చిన తేడాను బట్టి ఆ స్థలం మిల్లీమీటర్ల స్థాయిలో దిగిందో, జరిగిందో లెక్కించవచ్చు. కోపర్నికస్ వారి రాడార్ ఉపగ్రహాలైన సెంటినెల్-1 చిత్రాలు ఉచితం కావడంతో ఈ పద్ధతి గనుల రంగంలో బాగా పాకింది. అయితే దీని గురించి మాట్లాడేటప్పుడు అతిశయోక్తి తగదు. బ్రుమాడిన్యో దుర్ఘటనపై నిపుణుల బృందం 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక, కట్టలోని వ్యర్థం ఒక్కసారిగా బలం కోల్పోయి ద్రవంలా ప్రవహించిందని, కట్ట కూలడం పది సెకన్లలోపే ముగిసిందని, అంతకు ముందు కొలతల్లో గట్టి హెచ్చరికగా భావించదగిన కదలిక కనిపించలేదని తేల్చింది. తరువాత 2021లో బ్రిటన్ పరిశోధకులు సెంటినెల్-1 చిత్రాలను మరో పద్ధతిలో విశ్లేషించి, కట్టలో కొన్ని భాగాల కదలిక చివరి వారాల్లో వేగం పుంజుకుందని, ముందే పసిగట్టే అవకాశం ఉండేదని చెప్పారు. ఈ రెండింటిలో ఏది సరైనదన్న తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. అన్నీ జరిగిపోయాక, ఎక్కడ చూడాలో తెలిశాక వెనక్కి తిరిగి చూడటం వేరు. వందలాది కట్టలను ఏకకాలంలో గమనిస్తూ వాటిలో ఏది ఎప్పుడు కూలుతుందో చెప్పడం వేరు. ఉపగ్రహాలకూ ఆటంకాలు వస్తాయి. సెంటినెల్-1 జంటలో ఒకటి 2021 డిసెంబరులో పాడయ్యాక, దాని స్థానంలో మరొకటి 2024 డిసెంబరులో గానీ వెళ్లలేదు. ఆ మూడేళ్లూ చాలా ప్రాంతాల్లో చిత్రానికీ చిత్రానికీ మధ్య ఎడం పెరిగిపోయింది.

అందుకే ఎప్పుడు కూలుతుందన్న జోస్యం కన్నా, కూలితే ఎవరి మీద పడుతుందన్న లెక్క నమ్మదగినది. ఆ లెక్కకు కదలికల కొలతతో పని లేదు. నేల ఎత్తుపల్లాలు తెలిస్తే చాలు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తయారుచేసిన ఎత్తుల పటం ఇప్పుడు 30 మీటర్ల స్పష్టతతో భూభాగంలో అత్యధిక ప్రాంతానికి ఉచితంగా దొరుకుతుంది, అంతకన్నా కొత్తవీ ఉన్నాయి. దాని మీద నీటిని వదిలినట్టుగా కంప్యూటర్‌లో నడిపిస్తే, చెరువు నుంచి ఏ వాగులోకి, ఆ వాగు నుంచి ఏ నదిలోకి అన్న దారి గీత గీసినట్టు వస్తుంది. 2010 అక్టోబరు 4న హంగేరీలోని అయ్కా దగ్గర అల్యూమినా కర్మాగారపు చెరువు గట్టు తెగి దాదాపు పది లక్షల ఘనపు మీటర్ల ఎర్రమట్టి వ్యర్థం ఊళ్ల మీద పడింది. తీవ్రమైన క్షారం కలిసిన ఆ బురదలో చిక్కి పదిమంది చనిపోయారు. తరువాతి రోజుల్లో తీసిన ఉపగ్రహ చిత్రాల్లో ఆ ఎర్రటి చార చెరువు మూల నుంచి మొదలై తోర్నా వాగు లోయ వెంబడే కొలొంటార్, దెవెచెర్‌ల మీదుగా సాగింది. బురద కొత్త దారేమీ వెతుక్కోలేదు. నీరు ఎప్పుడూ పారే దారినే పట్టింది.

ఎత్తుల పటానికీ లోపాలున్నాయి. అది చాలాచోట్ల నేల ఎత్తును కాక చెట్ల తలలనూ, ఇళ్ల కప్పులనూ కొలుస్తుంది. రోడ్డు కింద ఉన్న తూము దానికి తెలియదు, రెండు మీటర్ల వెడల్పున్న కాలువ కనిపించదు. కానీ వ్యర్థజలాలు ఊళ్లోకి వచ్చేది తరచుగా అలాంటి తూముల గుండానే. ఇటువంటి చోట్ల స్థానికంగా నడిచి తెలుసుకున్నవాళ్లు పటానికి జోడించే గీతకు ఏ ఉపగ్రహ సమాచారమూ సాటిరాదు.

కాలుష్యం అసలు కంటికి కనిపించనప్పుడు ఈ దారి పటం విలువ మరింత తెలుస్తుంది. 2000 జనవరి 30న రొమేనియాలోని బాయా మారే దగ్గర బంగారు గని వ్యర్థాల కట్ట తెగి, సయనైడ్ కలిసిన లక్ష ఘనపు మీటర్ల నీరు వాగుల్లోకి చేరింది. అక్కణ్ణుంచి సొమెష్, టిస్సా నదుల ద్వారా డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రం వైపు సాగింది. నీటిలో కరిగిపోయిన సయనైడ్‌ను ఏ ఉపగ్రహ చిత్రమూ పట్టలేదు. చేపలు లెక్కకు మిక్కిలిగా చనిపోయాయి. కానీ డాన్యూబ్ పరీవాహక దేశాల మధ్య నది వెంబడి హెచ్చరికలు పంపుకునే ఏర్పాటు 1997 నుంచే పనిచేస్తున్నందువల్ల, విషపు నీరు ఎప్పుడు ఎక్కడికి చేరుతుందో దిగువ వారికి ముందే తెలిసింది. నది నీటిని తోడే కేంద్రాలు జాగ్రత్తపడే వ్యవధి దొరికింది. దారి తెలియడం, ఆ దారిలో ఎవరికి ఫోన్ చేయాలో తెలియడం, ఈ రెండే అక్కడ మనుషులను కాపాడాయి.

గాలి విషయానికి వస్తే చిక్కు మరో రకంగా ఉంటుంది. 2017 అక్టోబరులో వెళ్లిన సెంటినెల్-5పీ ఉపగ్రహంలోని ట్రోపోమి పరికరం నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ వంటి వాయువులను దాదాపు రోజూ భూగోళమంతటా కొలుస్తుంది. దాని పిక్సెల్ చాలా వాయువులకు 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. ఒక పిక్సెల్‌లో ఒక పారిశ్రామికవాడ మొత్తం ఇమిడిపోతుంది కాబట్టి ఏ గొట్టం నుంచి వచ్చిందో అది చెప్పలేదు. పైగా అది కొలిచేది నేల నుంచి ఆకాశందాకా నిలువునా ఉన్న వాయువు మొత్తాన్ని. మనిషి పీల్చే ఎత్తులో ఎంత ఉందన్నది వేరే లెక్క. అది ప్రతిచోటికీ స్థానిక సమయం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో వస్తుంది. రాత్రి రెండింటికి వదిలిన పొగ గురించి దానికి తెలిసే అవకాశం లేదు. తూర్పు ఆసియా మీద 2020లో, ఉత్తర అమెరికా మీద 2023లో నిలిపిన భూస్థిర పరికరాలు, అంటే ఎప్పుడూ ఒకే ప్రాంతం పైనే ఉండి చూసేవి, పగటిపూట గంటగంటకూ కొలుస్తూ ఈ లోటును కొంత తీరుస్తున్నాయి గానీ, చీకటిలో అవీ చూడలేవు.

ఇన్ని పరిమితులున్నా ఆ ముతక పిక్సెళ్ల నుంచే పెద్ద సత్యాలు బయటపడ్డాయి. కెనడా, అమెరికా శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకు ముందు ఏ అధికారిక జాబితాలోనూ లేని 39 పెద్ద సల్ఫర్ డయాక్సైడ్ మూలాలను ఉపగ్రహ కొలతలతో గుర్తించారు. వాటిలో బొగ్గు విద్యుత్ కేంద్రాలు, లోహాలను కరిగించే కర్మాగారాలు, చమురు, సహజవాయు కేంద్రాలు ఉన్నాయి. వారి పద్ధతి నాకెంతో నచ్చుతుంది. ఒక్క రోజు కొలతలో మూలం మసకగా ఉంటుంది, గాలి ఒక్కో రోజు ఒక్కో వైపు వీస్తుంది. అనుమానిత స్థలాన్ని కేంద్రంగా పెట్టి, ప్రతి రోజు కొలతనూ ఆనాటి గాలి దిశ ఒకే వైపు ఉండేలా తిప్పి, ఏళ్ల కొలతలన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తే, కేంద్రం దగ్గర మొదలై గాలివాలున సాగే పొగ తోక స్పష్టంగా విడివడుతుంది. కేంద్రం తప్పుగా ఎంచుకుంటే తోక ఏర్పడదు. ఫ్యాక్టరీ యాజమాన్యం తానే నింపి ఇచ్చే పట్టికల మీద ఆధారపడిన లెక్కలను ఇలా బయటి నుంచి సరిచూసే వీలు ఏర్పడటం చిన్న విషయం కాదు.

విషవాయువు ఒక్కసారిగా లీకయ్యే ప్రమాదంలో మాత్రం ఏ ఉపగ్రహమూ సమయానికి రాదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ బయటపడినప్పుడు, గాలికన్నా దాదాపు రెట్టింపు బరువున్న ఆ వాయువు నేలను అంటిపెట్టుకుని, ఫ్యాక్టరీని ఆనుకుని ఉన్న ఇరుకైన బస్తీల మీదుగా పాకింది. వేలమంది నిద్రలోనే దాని బారినపడ్డారు. ఇటువంటి ముప్పుకు సిద్ధపడటమంటే ముందుగానే పటం గీసుకోవడం: నిల్వ ఎంత, ట్యాంకు ఎక్కడ, ఏ రుతువులో రాత్రిపూట గాలి ఎటు వీస్తుంది, గాలి నిలకడగా ఉన్న రాత్రి వాయువు ఎంతదూరం పలచబడకుండా పోతుంది, పల్లంలో ఏ కాలనీ ఉంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1976 జులై 10న ఇటలీలోని సెవెసోలో డయాక్సిన్ అనే విషపదార్థం విడుదలైనప్పుడు అధికారులు మట్టి నమూనాల ఆధారంగా ఆ ప్రాంతాన్ని తీవ్రతను బట్టి మండలాలుగా విభజించి, అత్యంత కలుషితమైన మండలం నుంచి 700 మందికి పైగా ఖాళీ చేయించారు. ఆ ఊరి పేరుతోనే 1982లో యూరప్‌లో వచ్చిన నిబంధనలకు తరువాతి కాలంలో, ప్రమాదకర కర్మాగారాలకూ నివాసాలకూ మధ్య తగిన ఎడం ఉండేలా భూవినియోగాన్ని నిర్ణయించాలన్న షరతు చేరింది. ప్రమాదం జరిగాక గీసే మండలాలను ప్రమాదానికి ముందే గీయాలన్న ఆలోచన అది.

ఆ ఎడం కాగితం మీద ఉంటుంది, నేల మీద కరిగిపోతుంది. ఉపగ్రహ చిత్రాలు ఎంతో ఉపయోగపడే పని ఇక్కడ ఒకటుంది, కానీ దానికి రావలసినంత గుర్తింపు రాలేదు. కర్మాగారానికి అనుమతి ఇచ్చిన నాడు చుట్టూ పొలాలే ఉంటాయి. పని దొరుకుతుందని మనుషులు వస్తారు, ముందు గుడిసెలు, తరువాత దుకాణాలు, ఆపైన బడి. ల్యాండ్‌శాట్ చిత్రాలను ఏడాదికొకటి చొప్పున పేర్చి చూస్తే ఇళ్లు ప్రహరీగోడ వైపు ఎలా నడిచి వచ్చాయో కళ్లకు కడుతుంది. అత్యవసర ప్రణాళికలోని పటం మాత్రం అనుమతి నాటిదే ఉండిపోతుంది. ప్రపంచమంతటి నివాసాలనూ చిత్రాల నుంచి గుర్తించి తయారుచేసిన ఉచిత పొరలు ఇప్పుడు ఉన్నాయి. జనగణన సంఖ్యలను వాటి మీద పంచి, ప్రతి వంద మీటర్ల గడిలో ఎంతమంది ఉండవచ్చో చెప్పేవీ ఉన్నాయి. అవి మొదటి అంచనాకు బాగా పనికొస్తాయి. కానీ జనగణన రాత్రి నిద్రించే చోటును లెక్కిస్తుంది. పగలు బడిలో ఉన్న పిల్లలు, షిఫ్టులో ఉన్న కార్మికులు, వారానికోసారి నిండిపోయే సంత, కాంట్రాక్టు కూలీల తాత్కాలిక షెడ్లు ఆ గడుల్లో ఉండవు. ఆస్పత్రిలో లేవలేని రోగి కూడా, పరిగెత్తగల యువకుడు కూడా అక్కడ ఒక అంకే. ఈ వివరాలను ఊళ్లో తిరిగి సేకరించి, స్వచ్ఛంద పటాల మీద భవనం భవనంగా నమోదుచేసే వారి శ్రమను నేను ఏ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కన్నా మిన్నగా గౌరవిస్తాను.

పాత చిత్రాలు మరచిపోయిన ముప్పులనూ బయటపెడతాయి. మూతపడిన ఫ్యాక్టరీలు వ్యర్థాలను ఎక్కడ పాతిపెట్టాయో ఇప్పటి నేలను చూసి చెప్పలేం. పైన గడ్డి మొలిచి ఉంటుంది, ఇళ్లు కూడా లేచి ఉండవచ్చు. 1960ల నాటి అమెరికా గూఢచారి ఉపగ్రహాల చిత్రాలను 1995లో బహిరంగపరచడంతో, ల్యాండ్‌శాట్‌కు ముందరి కాలపు గుంటలనూ కుప్పలనూ వాటిలో వెతికే వీలు కలిగింది. కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు ఈ పాత చిత్రాలను ఒకసారి తిరగేయడం ఎక్కడైనా తప్పనిసరి చేయవచ్చు, దానికయ్యే ఖర్చు స్వల్పం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పిక్సెల్ రంగు చూసి ఎవరి మీదా నేరం మోపకూడదు. వాన పడ్డ మర్నాడు నది ఎర్రబడటానికి చాలాచోట్ల మట్టే కారణం. చెరువులో ఆకుపచ్చ తెరకు నాచు, దానికి ఎగువనున్న మురుగు కారణం కావచ్చు, ఫ్యాక్టరీకి సంబంధమే ఉండకపోవచ్చు. సముద్రం మీద రాడార్ చిత్రంలో నల్లగా కనిపించే ప్రతి మరకా చమురు కాదు, గాలి లేక నీరు నున్నగా ఉన్నచోట కూడా అలాగే కనిపిస్తుంది. ఒక చిత్రాన్ని నమ్మే ముందు ఎగువనా దిగువనా, ముందూ వెనకా ఉన్న తేదీలతో పోల్చాలి, వాన లెక్కలు చూడాలి, వీలైతే నీటిని పట్టి పరీక్షించాలి. ఒక్క తప్పుడు ఆరోపణతో తరువాతి పది నిజమైన హెచ్చరికల విలువ పోతుంది.

చివరికి అంతా వచ్చి ఆగేది ఎవరు స్పందిస్తారన్న దగ్గర. మీథేన్ దీనికి చక్కటి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ కొలత ఇప్పుడు సమస్యే కాదు. 2015 అక్టోబరులో కాలిఫోర్నియాలోని అలీసో కాన్యన్ భూగర్భ సహజవాయు నిల్వ నుంచి మొదలైన లీకేజీ దాదాపు నాలుగు నెలలు సాగింది. ఒకే ఒక్క కేంద్రం నుంచి వెలువడే మీథేన్‌ను కక్ష్యలో నుంచి గుర్తించడం అప్పుడే మొదటిసారి సాధ్యమైంది. ఆ తరువాత పదుల మీటర్ల స్పష్టతతో వాయు మేఘాలను చూడగల ఉపగ్రహాలు వచ్చాయి, 2022లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమర్చిన, ఖనిజ ధూళిని పరిశీలించే పరికరం కూడా మీథేన్‌ను పట్టగలదని తేలింది. ఇలాంటి సమాచారాన్నంతా కూడగట్టి, లీకేజీ కనిపించిన వెంటనే సంబంధిత ప్రభుత్వానికీ కంపెనీకీ తెలియజేసే ఏర్పాటును ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో ప్రకటించింది. 2024 చివరినాటికి ఆ ఏర్పాటు 1,200కు పైగా హెచ్చరికలు పంపింది. వాటిలో సరైన స్పందన వచ్చినవి ఒక్క శాతం. మరుసటి ఏడాదికి అది 12 శాతానికి పెరిగింది. చూడగలిగినవాటిలో అత్యధిక భాగం ఇంకా అలాగే ఉందన్నమాట.

స్పందన రావాలంటే హెచ్చరిక చేరే చోట ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి అధికారం ఉండాలి. పటంలో ప్రతి చెరువుకూ, ప్రతి ట్యాంకుకూ, ప్రతి పొగగొట్టానికీ లోతు, నిల్వ, అనుమతి తేదీలతో పాటు మరికొన్ని వివరాలు కూడా నమోదు కావాలని నేను గట్టిగా కోరుతున్నాను: ఇసుక మేట ఎన్ని మీటర్లకు తగ్గితే ఎవరికి చెప్పాలి, వారు ఎన్ని గంటల్లో వెళ్లి చూడాలి, అవసరమైతే పని ఆపించే ఉత్తర్వు ఎవరి చేతిలో ఉంది, దిగువ బడికి ఫోన్ చేసేది ఎవరు, ఈ పేర్లను చివరిసారి సరిచూసింది ఎప్పుడు. బదిలీ అయిన అధికారి నంబరు మోగుతూనే ఉంటుంది. అందుకే ఆ గడులను కట్ట కొలతలంత క్రమంగా సరిచూడాలి. అల్జీరియాలోని హస్సీ మెసౌద్ చమురు క్షేత్రంలో ఒక బావి దగ్గర మీథేన్ లీకేజీ, పాత ఉపగ్రహ చిత్రాల ప్రకారం 1999 నుంచే సాగుతూ వచ్చింది. ఐక్యరాజ్యసమితి హెచ్చరిక బాధ్యులకు చేరాక, 2024లో దాన్ని మూసేశారు.